పడని పేషెంటు

29 జూలై 2024, సోమవారం

బ్యాంకువాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీ ఇవాళ్టికి పనికొచ్చింది. ఇందులో ఏం రాసినా భయం లేదు. కిరణ్ రాయ్‌పూర్‌లో పుట్టి ఇక్కడే చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరమ్ముక్క చదవలేడు. కోడలు నీలిమది బిలాస్‌పూర్, ఆ అమ్మాయీ అంతే. కొడుకునీ కోడల్నీ వాళ్ల ఎదురుగానే కూర్చుని తిట్టుకుంటూ రాసుకునే సౌకర్యం ఎంతమంది తల్లులకుంటుంది? కూర్చుని అన్నానా, పడుకుని.

ఇవాళ్టి నుంచి మహేశ్వరి అనబడే నేను పేషెంటుని కాదట, క్లయింటునట. హోమ్ కేర్ కంపెనీ తరఫున యుగంధర్ అనే క్వాలిటీ మేనేజరు వచ్చాడు. హైదరాబాద్ నుంచి ఈ మధ్యే దిగాడు. బూట్ల మీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని నా మంచం చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఏవేవో ప్రశ్నలడిగి నా చేతికి ఎర్రపట్టీ కట్టాడు. 'పడే ప్రమాదం ఎక్కువ' అని దానర్థమట. జూన్‌లో బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకుని, లోపల రాడ్డు వేయించుకుని ఇంటికొచ్చిన మనిషి మళ్లీ పడొచ్చని కనిపెట్టడానికి అంత చదువు కావాలి మరి.

"అమ్మా, మా కంపెనీ పెట్టినప్పటి నుంచి ఒక్క క్లయింట్ కూడా పడలేదు. జీరో ఫాల్. అదీ మా స్టాండర్డ్," అన్నాడు.

స్టేషన్లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కూర్చుని రిటైరైనదాన్ని. రైళ్లన్నీ టైముకే నడుస్తున్నాయని చెప్పమని పైనుంచి ఆర్డరొచ్చిన రోజున కౌంటరు అవతలి జనం నన్నెలా చూసేవారో, అతన్ని నేనూ అలాగే చూశాను.

ఎముకల డాక్టరు చెప్పింది వేరు. వాకరు పట్టుకుని రోజూ నడవాలి. సెప్టెంబరు ఇరవైన మళ్లీ రావాలి. అప్పటికి నడక రాకపోతే కండ కరిగిపోతుంది, ఇక చక్రాల కుర్చీయే గతి అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. నాకు ఆ డాక్టరు నచ్చాడు.

30 జూలై

అటెండెంటు వచ్చింది. పేరు రమణమ్మ. గుఢియారీలో ఉంటుంది, తాతలది మా పలాస వైపేనట. క్లయింటుకీ అటెండెంటుకీ భాష కలవాలని స్టాండర్డ్‌లో ఉందిట. భాష కలిసింది. వచ్చీ రాగానే వాకరు ఇటివ్వమన్నాను, అక్కడితో మిగతావన్నీ బెడిసికొట్టాయి.

"ఒలమ్మో, లెగకండమ్మా! మీరు గానీ గిరిపోయారంటే, కింద పడ్డారంటే, ఆఫీసులో బోర్డు మీద నా పేరు తుడిపేస్తారు. ఒకపాలి పేరు తుడిపేస్తే ఇంక డ్యూటీ ఇవ్వరు. ఇద్దరు పిల్లల్తోటి నానేటైపోవాల?"

"డాక్టరు నడవమన్నాడే."

"డాక్టరు అంటాడమ్మా. ఆయన పేరు ఏ బోర్డు మీదుంది?"

స్టాండర్డ్ ఏమిటంటే, ఎర్రపట్టీ క్లయింటు నిలబడాలంటే చెరో పక్కా ఇద్దరు అటెండెంట్లుండాలి. కంపెనీ పంపేది ఒక్కరిని. కాబట్టి క్లయింటు నిలబడదు. నిలబడనిది పడదు. పడనిదానికి సాయంత్రం కిరణ్ ఫోన్లో, కంపెనీ యాప్‌లో, పచ్చచుక్క వెలుగుతుంది. సిల్తరాలో ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని ఆ చుక్క చూసుకుని వాడు ప్రశాంతంగా టీ తాగుతాడు. ఇంత తెలివి రైల్వేలో ఎవరికీ తట్టలేదు. రైళ్లు నడపకపోతే ఒక్కటీ లేటవదు కదా.

31 జూలై

డైపరు. ఇంకేం రాయను.

1 ఆగస్టు

రాస్తాను. ఎందుకు రాయకూడదు?

నా తుంటి విరిగింది గానీ తక్కినవన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి. యుగంధర్ ఫోన్లో శాస్త్రం చెప్పాడు. ముసలివాళ్లు పడేది ఎక్కువగా బాత్రూంకి వెళ్లే దారిలోనట. అందుకని ఆ దారే మూసేశారు. రోడ్డు మీద యాక్సిడెంట్లు అవుతున్నాయని రోడ్డు తవ్వేసినట్టు.

నీలిమ గదిలోకొచ్చింది. ముక్కు మూసుకోకుండా ఉండటానికి ఆ పిల్ల పడే అవస్థ చూసి నాకే జాలేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. గోడవైపు తిరిగి ఏడుద్దామంటే నా అంతట నేను తిరగలేను. రమణమ్మని పిలిచి, గోడవైపు తిప్పించుకుని, ఆవిడ వంటింట్లోకి వెళ్లాక ఏడిచాను.

రేపు లేస్తాను. ఎవరు అడ్డొస్తారో చూస్తాను.

2 ఆగస్టు

వాన. రేపు.

4 ఆగస్టు, ఆదివారం

ఇక్కడి రైతుల హరేలీ పండగ. అమావాస్య కూడాను. అమావాస్య నాడు కొత్త పని మొదలుపెట్టడం మా ఇంటా వంటా లేదు.

వీధిలో పిల్లలు గేడీలెక్కారు. రెండు వెదురు గడలకి అడుగు కొయ్యలు కట్టి, వాటి మీద నిలబడి నడవడం. పట్నంలో ఈ ఆట పోయిందనుకున్నాను, మేముండే మోవాలో ఇంకా ఉంది. కిటికీలోంచి చూశాను. ఎదురింటి పిల్ల పడింది, లేచింది, ఎక్కింది, మళ్లీ పడింది. ఎవరూ దాని చేతికి ఎర్రపట్టీ కట్టలేదు. వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వుతోంది.

9 ఆగస్టు

ఫిజియోథెరపీ. ఒకాయన వచ్చి నా కాలు ఎత్తాడు. ఫోన్లో వీడియో తీశాడు. కాలు దించాడు. వెళ్లిపోయాడు. ఇది వారానికోసారట. ఇందులో వ్యాయామం జరిగింది ఆయనకి.

రేపు తప్పకుండా.

15 ఆగస్టు

కిరణ్‌కి సెలవు. కాస్త తీరిగ్గా దొరికాడని అడిగాను. "నువ్వు ఒక పక్క, రమణమ్మ ఒక పక్క పట్టుకోండిరా. ఇద్దరయ్యారు కదా, నిలబడతాను."

"అమ్మా, మేము ట్రెయిన్డ్ కాదు కదా. రిస్క్ ఎందుకు, క్యోం లేనా?" అన్నాడు.

"డాక్టరు చెప్పాడురా."

"డాక్టర్ తో బోలేగా, ఆయనకేం, చెప్తాడు. గిర్ గయీ తో? పడితే మళ్లీ ఆపరేషన్, మళ్లీ ఆసుపత్రి. చూడు, రోజూ గ్రీన్. ఒక్క రోజు కూడా రెడ్ రాలేదు." ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. పొడుగ్గా పచ్చచుక్కల వరస. పెసలు ఆరబోసినట్టుంది.

నేను వాదించలేదు. వాదిస్తే గెలిచేదాన్నే. పండగ పూట ఎందుకని ఊరుకున్నాను.

20 ఆగస్టు

ఇవాళ మంచం అంచున కూర్చున్నాను. నా అంతట నేనే. రెండు పాదాలూ నేలకి ఆనించాను. చల్లగా ఉంది నేల. అరికాలికి గచ్చు తగిలి ఎన్నాళ్లయిందో. తొడలు గజగజ వణికాయి.

"ఏటమ్మా అది!" అని రమణమ్మ గుమ్మంలోంచి కేకేసింది. పడుకున్నాను. ఆవిడ అరిచింది కాబట్టి పడుకున్నాను. లేకపోతే ఈపాటికి వాకిట్లో ఉండేదాన్ని.

21 ఆగస్టు

రమణమ్మ సరుకులకని బజారుకెళ్లింది. అరిచేవాళ్లెవరూ లేరు. వాకరు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

దాన్ని చూస్తూ పడుకున్నాను.

22 ఆగస్టు

భయం. ఆ మాట ఇక్కడైనా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? బాత్రూంలో పడ్డప్పుడు వినిపించిన చప్పుడు, ఎండుపుల్ల విరిగినట్టు, అది నా లోపల నుంచి వచ్చిందని తెలియడానికి కాసేపు పట్టింది. నిలబడదామనుకున్న ప్రతిసారీ ముందు ఆ చప్పుడు వినిపిస్తుంది. యుగంధర్‌ని తిట్టుకుంటున్నాను, రమణమ్మని తిట్టుకుంటున్నాను, కొడుకుని తిట్టుకుంటున్నాను. వీళ్లంతా లేవద్దంటున్నారు కాబట్టి నా పని సుఖంగా ఉంది.

26 ఆగస్టు

యుగంధర్ స్వీటు డబ్బాతో దిగాడు. ఢిల్లీ నుంచి పరీక్ష చేసేవాళ్లు వస్తారట. వాళ్లు మెచ్చుకుంటే కంపెనీకి పెద్ద సర్టిఫికెట్. వాళ్లకి చూపించే ఇళ్లలో మాది మొదటిదట.

"మీరు మా మోడల్ క్లయింటు అమ్మా. మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే పడుకుని నవ్వుతూ ఉంటే చాలు."

అదొక్కటే కదా ఈ నెలంతా చేసింది, నవ్వు తప్ప.

తేదీ సెప్టెంబరు అయిదు. వినాయక చవితి ఏడున కదా, పూజలో సర్టిఫికెట్ పెట్టుకోవాలని గోడకున్న తెలుగు క్యాలెండరు చూసి మరీ తనే ఖాయం చేశాడట. ఆ మాట విని రమణమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అతను వెళ్లాక ఇద్దరం కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆవిడతో కలిసి నవ్వడం అదే మొదలు.

తెలుగు క్యాలెండర్లో తీజా ఉండదు. అయిదు మర్నాడే తీజా. పోలా పండగ అయిందంటే ఇక్కడి ఆడవాళ్లని అన్నలో తమ్ముళ్లో వచ్చి పుట్టింటికి తీసుకుపోతారు. ఉపవాసం, కొత్త చీర, తల్లి చేతి వంట. దేవుడొచ్చి డ్యూటీ చెయ్యమన్నా ఆగరు. కంపెనీలో అటెండెంట్లంతా ఈ ఊరి ఆడవాళ్లే, ఒక్క రమణమ్మ తప్ప.

"చెప్పవే అతనికి," అన్నాను.

"నన్నెవరడిగారమ్మా," అంది.

3 సెప్టెంబరు

నిన్న పోలా. ఇవాళ యుగంధర్ గొంతు ఫోన్లో మారిపోయింది. అటెండెంట్లంతా తిల్దా, భాటాపారా, ఇంకా ఎక్కడెక్కడి ఊళ్లకో వెళ్లిపోయారు. "ఇదెక్కడి పండగమ్మా! సిటీ సిటీ ఖాళీ అయిపోయింది!" అన్నాడు. ఢిల్లీవాళ్ల టికెట్లు మారవట.

రమణమ్మ దిగాలుగా కూర్చుంది. "మనకి తీజా లేదు కదా, మొత్తం నా పీకల మీదకొచ్చింది. మూడిళ్లలోనూ నన్నే చూపిస్తారంట."

5 సెప్టెంబరు, గురువారం

పొద్దున్నే కిరణ్ ఫ్యాక్టరీకి, నీలిమ తను పాఠాలు చెప్పే స్కూలుకి. టీచర్స్ డే అని ఆ పిల్ల ముందే వెళ్లిపోయింది.

తొమ్మిదింటికల్లా వ్యాను నిండా భద్రత దిగింది. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీలు, జారని పట్టాలు, తలవైపు గంట, నాకెందుకో తెలియని ఆక్సిజన్ సిలిండరు. రెండో అటెండెంటుగా యూనిఫాం వేసుకుని గోళ్లరంగుతో నిగనిగలాడుతూ ఒకావిడ. ఎవరా అనుకుంటుండగా యుగంధర్‌ని పట్టుకుని, "ఏవండీ, ఈ గ్లౌజులు ఏది ఏ చేతికి?" అంది. భార్య.

ఢిల్లీ మేడమ్ వచ్చింది. నెమ్మదైన మనిషి, కళ్లజోడు. బాత్రూంలోకెళ్లి కడ్డీ పట్టుకుని లాగింది. కడ్డీ ఆవిడ చేతిలోకొచ్చేసింది. గోడకి రంధ్రాలు పెట్టే టైము లేక రబ్బరు గిన్నెలతో అతికించారట. యుగంధర్ ఏమాత్రం తడుముకోలేదు. "మేడమ్, ఇది పోర్టబుల్. క్లయింట్ ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్తుంది," అన్నాడు. ఆవిడ మెచ్చుకుంటూ రాసుకుంది.

తర్వాత నా దగ్గరకొచ్చి హిందీలో అడిగింది, "అమ్మాజీ, వీళ్ల సేవలో ఉండగా మీరెప్పుడైనా పడ్డారా?"

"పడాలంటే ముందు నిలబడాలి కదమ్మా," అన్నాను నేనూ హిందీలోనే.

ఆవిడ పెన్ను ఆగింది. నా వైపు చూసింది. ఒక్క క్షణం, అర్థమైందనే అనుకున్నాను. ఇప్పుడు అడుగుతుంది, ఎందుకు నిలబడలేదని అడుగుతుంది, చెప్పేస్తాను అనుకున్నాను.

"వెరీ గుడ్. జీరో," అని రాసుకుంది. నా తల నిమిరింది.

టీ తాగారు. వాళ్లు టీ తాగుతుండగానే వెనక గుమ్మం నుంచి రమణమ్మని స్కూటరెక్కించి రెండో ఇంటికి తరలించారు. ఢిల్లీ మేడమ్ అక్కడికి చేరేసరికి ఆవిడ అక్కడ ఉండాలి కదా. వీళ్లు కారెక్కగానే కడ్డీలు, పట్టాలు, గంట, సిలిండరు వ్యానెక్కాయి. తొందరలో నా డైపర్ల సంచీ కూడా ఎక్కించేశారు. భార్యామణి కూడా ఎక్కింది. "రమణమ్మ ఇప్పుడే వచ్చేస్తుందమ్మా, కదలకండి," అని యుగంధర్ తలుపు దగ్గరకి లాగేసి పోయాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పొద్దున డైపరు విప్పించేసి చీర కట్టారు, మేడమ్ ముందు హుందాగా ఉండాలని. నాకు బాత్రూం రావడం మొదలైంది.

చాలాసేపు బిగబట్టాను. ఆ చీర నా రిటైర్మెంటుకి కట్టుకున్న చీర. ఆ మేడమ్ నా తల నిమిరిన చోట ఇంకా మండుతోంది. పిల్లిని నిమిరినట్టు నిమిరింది. ఆ కోపం లేకపోతే లేచేదాన్ని కాదు, ఇది నిజం.

వాకరు లాక్కున్నాను. లేచాను. ఎండుపుల్ల చప్పుడు కోసం చెవులు రిక్కించాను. వినిపించలేదు. వాకరు కాళ్లు గచ్చు మీద టకటకమన్నాయి, అంతే. ఏడుస్తూ నడిచాను. బాత్రూందాకా వెళ్లాను. తలుపేసుకున్నాను. తలుపు వేసుకోవడం ఎంత గొప్ప సంగతో దాన్ని పోగొట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

తిరిగొస్తూ మంచం దగ్గర పడ్డాను. మోకాళ్లు ఒక్కసారిగా వదిలేశాయి. మంచం పట్టె పట్టుకుని జారుతూ జారుతూ నేల మీద కూలబడ్డాను. ఏదీ విరగలేదు. కాసేపు అలాగే కూర్చున్నాను. నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ నేను భయపడింది దీనికా అనుకున్నాను.

రమణమ్మ వచ్చేసరికి నేల మీదున్నాను. గుమ్మంలోనే కూలబడి, "అయిపోయింది, నా పేరు పోయింది," అని తల కొట్టుకుంది.

"పేరు తర్వాత. ముందు నన్ను లేపు," అన్నాను.

లేపింది. ఒక్కతే. చంకల కింద చేతులేసి, మోకాలు ఆనించి, ఒక్క ఊపులో. రెండో మనిషి అక్కర్లేకపోయింది.

కిరణ్ సాయంత్రం వచ్చి ఫోన్ చూపించాడు. పచ్చచుక్క, పక్కన చిన్న నక్షత్రం కూడా.

6 సెప్టెంబరు

ఒప్పందం కుదిరింది. నేను పడ్డానని చెప్పను. ఆవిడ నన్ను నడిపిస్తుంది. కంపెనీకి మాత్రం 'మంచం మీద విశ్రాంతి' అని పంపిస్తుంది.

"మళ్లీ గిరిపోతే?" అంది.

"మళ్లీ లేపుతావు."

"ఒలమ్మ, మీ దగ్గర మాటలకేటి తక్కువ," అంది గానీ చెయ్యిచ్చింది.

7 సెప్టెంబరు

చవితి. వంటింటిదాకా. నీలిమ బెల్లం ఉండ్రాళ్లు చేస్తోంది, వెనక నుంచి "బెల్లం చాలదు" అన్నాను. గరిట జారవిడిచింది. "చుప్," అన్నాను. కళ్లు తుడుచుకుని తలూపింది. మంచి పిల్ల. వెనక రాసినవి కొట్టెయ్యాలి. ఓపిక లేదు.

11 సెప్టెంబరు

వరండాదాకా. రెండుసార్లు. నొప్పి.

13 సెప్టెంబరు

కంపెనీకి సర్టిఫికెట్ వచ్చింది. యుగంధర్ వస్తున్నాడని ఫోన్ రాగానే పరుగున మంచమెక్కాను. పరుగు అనేది కాస్త ఎక్కువ మాట. నా పక్కన సర్టిఫికెట్ పెట్టి ఫొటో తీశాడు. ప్రకటనలో వేస్తారట. కింద ఏం రాస్తారని అడిగాను. "ఒక్కసారీ పడలేదు" అని రాస్తారట. నవ్వమన్నాడు. మనస్ఫూర్తిగా నవ్వాను.

20 సెప్టెంబరు, శుక్రవారం

ఆసుపత్రి. ఎక్స్‌రే బాగుంది, రాడ్డు దాని చోట అది ఉంది. డాక్టరు నడవమన్నాడు. గది ఈ చివర నుంచి ఆ చివరికి వాకరుతో నడిచి, తిరిగొచ్చి కూర్చున్నాను. "ఎవరు నడిపించారు?" అన్నాడు. కిరణ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. తర్వాత వాడి కళ్లు ఎర్రబడ్డాయి. తర్వాత ఫోన్ తీసి అక్కడికక్కడే కంపెనీకి అయిదు నక్షత్రాలు ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక, "అమ్మా, ఇంకో మూడు నెలలు వాళ్లనే కంటిన్యూ చేద్దాం. సేఫ్ కదా," అన్నాడు.

ఇంక చాలనిపించింది. రమణమ్మ జోలికి వెళ్లనని ఒట్టు వేయించుకుని మొత్తం చెప్పాను. అయిదో తారీఖున ఇంట్లో నన్నొక్కదాన్నే వదిలేసి పోయారని, నడిచానని, పడ్డానని, రమణమ్మ లేపిందని.

వాడు గబగబా ఫోన్ తీశాడు. వేలితో వెనక్కి వెనక్కి తోశాడు.

"కానీ అమ్మా, ఆ రోజు గ్రీన్ ఉంది కదా," అన్నాడు.

ఎదురుగా నిలబడి నేను చెబుతున్నాను. వాడు ఇంకా ఫోన్లోకే చూస్తున్నాడు. కోపం రాలేదు. చిన్నప్పుడు గోడమీద గడియారం చూసి, ఎనిమిదయిందమ్మా ఇప్పుడు ఆకలెయ్యాలి కదా అనేవాడు. అదే మొహం.

ఫోన్ వాడి చేతిలోంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టాను.

"చెయ్యివ్వరా. వరండా మెట్లు దిగాలి. ఇంకా దిగలేదు."

ఇచ్చాడు. మణికట్టు నలిగిపోయేలా పట్టుకున్నాడు. మొదటి మెట్టు దగ్గర ఆగాం.

"అంత గట్టిగానా, నొప్పెడుతోంది. కాస్త వదులు చెయ్యి."

"పడితే?"

"పడితే లేపు," అన్నాను.